యానాం పరిపాలనాధికారి గారికి: మేడ మీది పైపును కాస్త కదలనివ్వండి

గౌరవనీయులైన యానాం పరిపాలనాధికారి గారికి, ప్రజా పనుల శాఖ, పురపాలక సంఘం ఇంజనీర్లకు,



ఎండాకాలంలో మన ఊరి మేడల మీద నీళ్ళ పైపులు కారడం గురించి ఈ ఉత్తరం. ఇది ఎవరింటి గొడవ వాళ్ళది, దీనికి బహిరంగ లేఖ ఎందుకని మీకు అనిపించవచ్చు. కానీ అన్ని ఇళ్ళకూ ఒకే కాలంలో, పైపు మీద ఒకే చోట వచ్చే జబ్బు ఊరి జబ్బే అవుతుంది. దీనికి మందు సగం ప్లంబరు సంచిలో ఉంటే మిగతా సగం మీ కార్యాలయాల్లో ఉంది: ఇంటి ప్లాను మంజూరు చేసే కాగితంలో, టెండరు షరతుల్లో, ఫిర్యాదుల పుస్తకంలో. నేను చెప్పదలచుకున్నది ఒక్క ముక్క. ఎండకు పైపు సాగుతుంది, చల్లబడితే ముడుచుకుంటుంది. ఆ కదలికకు చోటు వదిలి బిగిస్తే పదికాలాలు ఉంటుంది. వదలకపోతే ఎక్కడో ఒకచోట పగులుతుంది. ఇప్పుడు మన మేడల మీద చాలావరకు చోటు వదలకుండానే బిగిస్తున్నారు.

నేను ఇంజనీరును కాను. పైపులు, ఫిట్టింగులు, మోటార్లు అమ్మే కొట్టు నడుపుకుంటూ వయసు మీదపడ్డవాణ్ణి. పైపులు పగలకపోతే నా బేరమే తగ్గుతుంది కాబట్టి ఈ ఉత్తరంలో నా లాభమేమీ లేదని ముందే మనవి. ప్లంబరు ఏ ఇంటికి వెళితే ఆ ఇంటి పైపే చూస్తాడు. కొట్టు బల్ల మీదికైతే ఊరందరి ఇళ్ళలో విరిగిన ముక్కలూ వస్తాయి. “దీనికి సరిపడేది ఇవ్వండి షావుకారు గారూ” అని పాతది బల్ల మీద పెడతారు, కొత్తది పట్టుకుపోతారు, పాతది అక్కడే వదిలేస్తారు. వాటిని పారేయకుండా ఒక గోనెసంచిలో వేస్తూ వచ్చాను.

ఆ సంచిని బట్టి రెండు సంగతులు తెలుస్తాయి. మొదటిది కాలం. విరిగిన ముక్కలు ఏడాది పొడుగునా ఒకే తీరున రావు. మార్చి చివర్లో మొదలై రోహిణి కార్తె దాకా పెరుగుతూ పోతాయి. మధ్యలో ఏ సాయంత్రమో ఈదురుగాలితో వాన పడిందంటే మర్నాడు నేను షట్టరు ఎత్తే వేళకే జనం నిలబడి ఉంటారు. రెండోది చోటు. నిలువునా చీలిన పైపు అరుదుగా వస్తుంది. ఎక్కువగా వచ్చేవి మూలమలుపుల్లో ఎల్బోలు, టీలు, ట్యాంకు గోడకు బిగించే నిపుళ్ళు, ఇత్తడి మర ఉన్న ఎఫ్‌టీఏ అనే అతుకు ముక్కలు. తిన్నగా పోయే పైపుకు ఏమీ కావడం లేదు, దాని దారికి అడ్డం నిలబడ్డ ముక్కే విరుగుతోంది.

ఆ సంచిలోంచి ఒక ఎల్బోను తీసి చూద్దాం. అంగుళం సైజు. మలుపు లోపలి మూలలో వెంట్రుకంత సన్నటి గీత పుట్టి ఒంటి చుట్టూ సగం దూరం పాకింది. రెండు ముక్కలుగా విడదీసి వెలుతురులో పెడితే పగిలిన అంచు రెండు రంగుల్లో ఉంటుంది. మూల దగ్గరి భాగం మట్టి పట్టి నల్లబడింది, చివరి భాగం తెల్లగా కొత్తగా ఉంది. అంటే ఒక్క దెబ్బకు విరగలేదు. ఇవాళ ఇంత, రేపు ఇంత అని కొన్ని నెలలపాటు లోపల్లోపలే చీలుతూ వచ్చి, ఆఖర్న ఒకరోజు నీళ్ళు బయటికి చిమ్మింది. ఇంటివాళ్ళకు తెలిసింది ఆ ఆఖరి రోజు సంగతే. “మొన్నటిదాకా బాగానే ఉందండీ” అంటారు. మొన్నటికే అది సగం పోయి ఉంది.

అన్నాళ్ళూ దాన్ని చీల్చింది ఏమిటో చెప్పడానికి పెద్ద లెక్క అక్కర్లేదు. మీటరు పొడవున్న యూపీవీసీ పైపు పది డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.7 మిల్లీమీటరు సాగుతుంది. వేడినీళ్ళ లైన్లకు కూడా వాడే సీపీవీసీ కొంచెం తక్కువ, 0.6 పైన. హెచ్‌డీపీఈ నల్ల పైపు వీటికి రెట్టింపు పైగా సాగుతుంది. జీఐ అనే ఇనప పైపు 0.12 మిల్లీమీటరే, కాంక్రీటు కూడా ఇంచుమించు అంతే. ఇప్పుడు మేడ మీద ట్యాంకు దగ్గర నుంచి పిట్టగోడ దాకా 15 మీటర్ల యూపీవీసీ పైపు వేశామనుకోండి. తెల్లవారుజామున అది 28 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెల మధ్యాహ్నం, నీళ్ళు కదలకుండా నిలిచి ఉన్నప్పుడు, బూడిద రంగు పైపు గాలి వేడిని దాటి 60 దగ్గరికి పోగలదు. ముప్ఫై డిగ్రీల తేడా అని తక్కువగానే వేసుకున్నా, సాగే పొడవు 31 మిల్లీమీటర్లు, అంగుళంపావు. దాని కింద ఉన్న శ్లాబు మాత్రం నాలుగైదు మిల్లీమీటర్లకు మించి సాగదు. పైపును ఆ శ్లాబుకే క్లాంపులతో కట్టేశాం. మిగిలిన అంగుళం ఎటు పోవాలి?

సాగడం వల్ల పైపుకు హాని లేదు. హాని అంతా సాగనివ్వకపోవడంలో ఉంది. రెండు కొసలా గట్టిగా పట్టేస్తే, బయటికి రావలసిన పొడవు లోపల బిగువుగా మారుతుంది. ఇంజనీర్లు థర్మల్ స్ట్రెస్ అనేది దీన్నే. దీనికి మొదట గణితం కట్టినవాడు దుహామెల్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు, 1830లలో. అప్పటికి మన యానాం కూడా ఫ్రెంచివారి పాలనలోనే ఉంది. ఆ గణితంలో కొట్టువాడికి కూడా పనికొచ్చే సంగతి ఒకటుంది: కొసలు కదలకుండా బంధిస్తే ఈ బిగువు పైపు పొడవు మీద ఆధారపడదు. రెండు మీటర్ల ముక్కకైనా, ఇరవై మీటర్ల లైనుకైనా, అదే పైపు అదే వేడిలో అంతే బలంతో తోస్తుంది. “మాది చిన్న లైనేనండీ, దానికేం అవుతుంది?” అనేవారికి నేను చెప్పేది ఇదే.

ఆ బలం ఎంతో ఒక ఉదాహరణ చెబుతాను. అంగుళం జీఐ పైపును రెండు గోడల మధ్య ఏమాత్రం సందు లేకుండా ఇరికించి, 30 డిగ్రీలు వేడెక్కనిస్తే అది ఆ గోడల్ని సుమారు రెండు టన్నుల బలంతో నెడుతుంది. జీఐ పైపు పాతిన గోడల్లో గిలాబా సరిగ్గా పైపు గీత వెంబడే ఎందుకు చీలుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. అదే సైజు యూపీవీసీ పైపు మెత్తనిది కాబట్టి అది తోసేది సుమారు రెండు వందల కిలోలే. ప్లాస్టిక్ ఎల్బోకు అది తక్కువ బరువేమీ కాదు.

ప్లాస్టిక్ కథ ఇక్కడితో ఆగదు. ఇనుము ఎండకు తోస్తుంది, చల్లబడితే మళ్ళీ మొదటికొస్తుంది. ప్లాస్టిక్ వేడిలో మెత్తబడి, తనను ఇరికించిన చోటుకు మెల్లగా సర్దుకుపోతుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలు గడిచేసరికి ఆ తోపు కొంత తగ్గిపోయి, పైపు ఆ మేరకు ఇరుకులోనే ఒదిగిపోతుంది. చిక్కు సాయంత్రం వస్తుంది. చల్లబడేటప్పుడు ఆ ఒదిగిన పొడవులోంచి ఇంకా ముడుచుకోవాలి. ఇప్పుడు అది తోయదు, లాగుతుంది. ప్లాస్టిక్ జాయింటు తోపును ఓర్చుకున్నంతగా లాగుడును ఓర్చుకోలేదు. రోజూ సాయంత్రం ఈ లాగుడు నిదానంగా జరుగుతుంది. రోహిణిలో గాలివాన పడితే అరవై డిగ్రీల పైపు కొద్ది నిమిషాల్లో ముప్ఫైకి దిగుతుంది. సర్దుకునే వ్యవధి దానికి ఉండదు. అప్పటికే సగం చీలి ఉన్న ఎల్బో ఆ రాత్రే చేతులెత్తేస్తుంది. రోహిణి ఎండకు రోళ్ళు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. ఎండ పడ్డ పైభాగం సాగుతుంటే లోపలి భాగం చల్లగా కదలకుండా ఉండడం వల్ల రాయిలోనూ ఇలాంటి బిగువే పుడుతుంది.

వేడికి ప్లాస్టిక్ బలం కూడా తగ్గుతుంది. యూపీవీసీ పైపు మీద ముద్రించిన ప్రెజరు ఎంత ఎండకైనా వర్తిస్తుందని చాలామంది అనుకుంటారు. మన ఐఎస్ 4985 ప్రమాణంలో ఆ అంకె 27 డిగ్రీల నీటికి చెప్పినది. అమెరికా పట్టికల ప్రకారం 23 డిగ్రీల దగ్గర పైపు మోసే ప్రెజరును వంద అనుకుంటే, 38 డిగ్రీల దగ్గర 62, 60 డిగ్రీల దగ్గర 22 మాత్రమే. ఎండలో కాగిన యూపీవీసీ లైనుకు సరిగ్గా మిట్టమధ్యాహ్నం మోటారు వేసి నీళ్ళు తోడితే, బలం అయిదో వంతుకు దిగినవాడి నెత్తిన పూర్తి బరువు పెట్టినట్టే.

మన ఊరికి ఈ బాధ ఎక్కువ కావడానికి కారణాలున్నాయి. గౌతమి, కోరంగి కలిసే చోట, సముద్రానికి దగ్గరగా ఉన్నాం. ఆ ఉప్పు గాలికి జీఐ పైపు త్వరగా తుప్పు పడుతుంది. అందుకే జనం ప్లాస్టిక్‌కు మారారు, ఆ మార్పు తెలివైనదే. మారనిది పైపు బిగించే పద్ధతి. జీఐ కాలంలో నేర్చిన చేతులు ప్లాస్టిక్‌ను కూడా అదే తీరున బిగిస్తున్నాయి: అడుగడుగునా ఇనప క్లాంపు, మూలకు ఆనించి మరొకటి, మర దగ్గర జనపనార, దాని మీద నూనె రంగు, పైప్‌రెంచితో ఆఖరి చుట్టు. జీఐకి ఇవన్నీ చెల్లాయి. అయిదారు రెట్లు ఎక్కువ సాగే పదార్థానికి చెల్లవు. సీపీవీసీకైతే నూనె కలిసిన రంగులు, పేస్టులు కొన్ని నేరుగా హాని చేస్తాయి. అక్కడ టెఫ్లాన్ టేపు సరిపోతుంది.

ఇత్తడి మర ఉన్న ముక్కలు నా సంచిలో ఎక్కువగా ఉండడానికి కూడా కారణం ఇదే. ఇత్తడి ఒక వంతు సాగే వేడికి దాన్ని పట్టుకున్న సీపీవీసీ మూడు వంతులు సాగుతుంది. ఎండకు ప్లాస్టిక్ వదులై చుక్క కారుతుంది. ఇంటాయన రెంచి తెచ్చి ఇంకో చుట్టు బిగిస్తాడు. రాత్రి చల్లబడి ప్లాస్టిక్ ముడుచుకునేసరికి ఆ బిగింపు తట్టుకోలేక అంచు చీలుతుంది. వేడివేళ కారే చుక్కకు విరుగుడు బిగింపు కాదని ఎవరూ ఆయనకు చెప్పలేదు.

సోలార్ హీటర్లు వచ్చాక వేడినీళ్ళ లైనుకు కూడా ఇదే సమస్య. డాబా మీది సోలార్ ట్యాంకు నుంచి కింది స్నానాలగది దాకా పది మీటర్ల సీపీవీసీ వేశామనుకోండి. పొద్దున్నే పాతిక డిగ్రీల్లో ఉన్న పైపులోకి అరవై అయిదు డిగ్రీల నీళ్ళు దిగితే అది ఒక అంగుళం సాగుతుంది. దాన్ని గోడలో గాడి కొట్టి, సిమెంటుతో గట్టిగా పూడ్చి, పైన టైల్సు అతికిస్తున్నారు. ఆర్నెల్లకు టైల్సు మధ్య గీత వస్తే మేస్త్రీని తిడతారు.

ఇదంతా కొత్తగా కనిపెట్టవలసిన విద్య కాదు. మన చుట్టుపక్కలే ఉంది. యానాం నుంచి ఎదుర్లంకకు బాలయోగి వంతెన మీద వెళుతుంటే చక్రాల కింద వరసగా వినిపించే చప్పుడు, వంతెన సాగడానికి వదిలిన సందులదే. విశాఖలో రిఫైనరీ పక్క రోడ్డులో పోతుంటే గొట్టాలు తిన్నగా వెళుతూ వెళుతూ ఉన్నట్టుండి పక్కకు తిరిగి, తలుపు చట్రంలా మెలిక వేసి, మళ్ళీ దారిలోకి వస్తుంటాయి. ఆ మెలిక అందానికి పెట్టింది కాదు. ఆవిరి గొట్టం సాగినప్పుడు ఆ చట్రం కాళ్ళు కాస్త వంగి ఆ పొడవును మింగుతాయి. కొండల మీంచి జలవిద్యుత్ కేంద్రాల్లోకి దిగే ఉక్కు పెన్‌స్టాకులకు కూడా లంగరు దిమ్మెల మధ్య సాగే కీళ్ళు పెడతారు. అంత దూరం ఎందుకు? రీజెన్సీ సెరామిక్స్ టైళ్ళ ఫ్యాక్టరీ బట్టీల దగ్గర పనిచేసినవారు మన ఊళ్ళో ఉన్నారు. కాలిన టైలును చల్లార్చేటప్పుడు 573 డిగ్రీల దగ్గర ఎంత నిదానంగా దాటించాలో వారినడిగితే చెబుతారు. ఆ వేడి దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ కొలత ఒక్కసారిగా మారుతుంది, తొందరపడితే టైలు నిలువునా పగులుతుంది. వేడి తేడా వస్తువును ఎలా చీలుస్తుందో ఇంత దగ్గరగా ఎరిగిన ఊళ్ళు మన చుట్టుపక్కల ఎన్నో లేవు.

ఈ సంగతిని పట్టించుకోకపోతే ఏమవుతుందో టెక్సాస్‌లో ఉన్న మన తెలుగువాళ్ళు 2021 ఫిబ్రవరిలో చూశారు. డల్లాస్, ఫ్రిస్కో, ఇర్వింగ్, హ్యూస్టన్, అన్నీ మనవాళ్ళు బాగా ఉన్న చోట్లే. అది వేడి ప్రాంతమని, ఇళ్ళలో చాలాచోట్ల పైపులను అటకల్లోంచి, బయటి గోడల్లోంచి, చలికి తగిన తొడుగు లేకుండా తీసుకుపోయారు. ఆ నెల మంచుతుఫానుకు పైపుల్లో నీళ్ళు గడ్డకట్టాయి. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతుంది. గడ్డకూ మూసిన కుళాయికీ మధ్య ఇరుక్కున్న నీటి ఒత్తిడికి పైపులు పగిలి, పైకప్పుల్లోంచి ఇళ్ళలోకి నీళ్ళు దిగాయి. కోటి మందికి పైగా ప్రజలను నీళ్ళు కాచుకుని తాగమన్నారు. వాళ్ళను చలి దెబ్బతీసింది, మనల్ని ఎండ దెబ్బతీస్తోంది. పొరపాటు మాత్రం ఒకటే: పైపు చుట్టూ ఉండే వాతావరణాన్ని లెక్కలో వేసుకోకుండా పైపు వేయడం.

భూమిలో పాతిన మెయిన్లకు ఈ బాధ తక్కువన్న సంగతి మీకు తెలిసిందే. పగటి ఎండ, రాత్రి చలి తేడా నేలలో అర మీటరు లోతు దాటాక దాదాపు తెలియదు. మీటరు లోతున ఉన్న పైపుకు రుతువు మారినప్పుడు నిదానంగా వచ్చే కొద్ది డిగ్రీల తేడానే. పైగా రబ్బరు రింగు జాయింట్లలో కాస్త జారే వీలుంటుంది. కాబట్టి మెయిన్ల గురించి నా బెంగ అవి నేలలోంచి బయటికి వచ్చే చోట్లకే పరిమితం: కల్వర్టు పక్కన వేలాడే పైపు, డ్రైను దాటే ముక్క, ఎత్తు ట్యాంకు కాళ్ళ వెంబడి ఎక్కే నిలువు లైను, ఇంటి ముందు మురుగుకాలువ గోడకు ఆనించిన సర్వీసు పైపు. నేలలో చల్లగా ఉన్న పైపు, బయట ఎండలో ఉన్న పైపు కలిసే ఆ మలుపే బలహీనమైన చోటు.

మురుగుకాలువ మాట వచ్చింది కాబట్టి, ఇది డబ్బు నష్టంతో పోయే వ్యవహారం కాదని కూడా చెప్పాలి. కుళాయిలు రోజంతా రావు. నీళ్ళు వచ్చినప్పుడు పగుల్లోంచి మంచినీళ్ళు బయటికి కారతాయి. కట్టేశాక లైనులో ఒత్తిడి పడిపోయి, అదే పగుల్లోంచి బయటి నీళ్ళు లోపలికి పోతాయి. ఆ పైపు మురుగు పక్కన ఉంటే ఏం పోతుందో వేరే చెప్పనక్కర్లేదు. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో కలుషితమైన నీళ్ళు ప్రాణాలు తీశాయి. ఆ రెండుచోట్లా నెపం ఎండదని నేను అనడం లేదు. వెంట్రుకంత పగులు ఎంత దూరం తీసుకుపోగలదో చెప్పడానికే గుర్తు చేశాను. అదీ కాక డెల్టా కాలువలు కట్టేసేది, గౌతమిలోకి ఉప్పునీళ్ళు ఎగదన్నేది, పైపులు ఎక్కువగా కారేది, మూడూ ఒకే కాలంలో. నీళ్ళకు అన్నిటికన్నా ఎక్కువ విలువున్న నెలల్లోనే మేడల మీంచి వాటిని ఎండకు ఆరబోస్తున్నాం.

ఈ మాటలన్నప్పుడు నాకు రెండు జవాబులు వస్తుంటాయి. మొదటిది, “నాసిరకం పైపు వేస్తే అంతేనండీ, మంచి కంపెనీది వేయించాలి”. మంచి పైపు మంచిదే. కానీ ఎంత మంచి కంపెనీ యూపీవీసీ అయినా మీటరుకు పది డిగ్రీలకు అదే 0.7 మిల్లీమీటరు సాగుతుంది. ఖరీదు పెడితే సాగకుండా ఆగదు. రెండోది, “ఇన్ని హంగులకు ఖర్చవుతుంది”. ఒక మెలికకు కావలసింది నాలుగు ఎల్బోలు, ఒకటి రెండు మీటర్ల పైపు. ఒక్కసారి పగిలినప్పుడు ప్లంబరు కూలీ, కొత్త ముక్కలు, పోయిన ట్యాంకు నీళ్ళు, వాటిని మళ్ళీ ఎక్కించే కరెంటు లెక్కవేస్తే ఏది చవకో తేలిపోతుంది.

ప్లంబరు చేతిలో ఉన్న సగం మందు ఇది. మేడ మీద పొడుగు లైనుకు మధ్యలో తలుపు చట్రం లాంటి మెలిక ఒకటి పెట్టాలి. అంగుళం పైపుకు దాని కాళ్ళు అర మీటరు నుంచి మీటరు లోపు సరిపోతాయి. మెలికకు అటూ ఇటూ ఉన్న ఒక్కో తిన్నటి ముక్కకు ఒక్క క్లాంపే గట్టిగా పట్టాలి, మిగతావి పైపును పక్కకు పోకుండా చూస్తూ పొడవునా జారనివ్వాలి. మూలకు అడుగున్నర లోపు గట్టి క్లాంపు ఉండకూడదు. ప్లాస్టిక్ ట్యాంకు నిండినప్పుడు ఉబ్బుతుంది, ఖాళీ అయితే లోపలికి తగ్గుతుంది కాబట్టి దాని నిపుల్ దగ్గర వంగే గొట్టం ముక్క ఒకటి ఉండాలి. గోడలో వేడినీళ్ళ లైనుకు నురుగు తొడుగు వేసి, మూలల్లో కాస్త ఖాళీ వదలాలి. ఎండలో ఉన్న పైపుకు నీళ్ళలో కలిపే తెల్లరంగు రెండు పూతలు వేసినా వేడి బాగా తగ్గుతుంది, పిట్టగోడ నీడన వేస్తే ఇంకా మేలు. సాల్వెంట్ సిమెంటు అతుకు మిట్టమధ్యాహ్నం వేయకూడదు. ఆ వేడికి రాసిన పూత పైపు లోపలికి దూర్చేలోపే ఆరిపోతుంది, అతుకు పైకి బాగానే కనబడుతుంది కానీ లోపల పట్టదు. ఆఖరి జాయింటు ఎప్పుడూ చల్లవేళ ముగించాలి. ఇందులో ఏ ఒక్కదానికీ కొత్త యంత్రం అక్కర్లేదు.

మిగతా సగం మీది. అందుకని ఈ విన్నపాలు.

1. ముందు ప్రభుత్వ భవనాలతో మొదలుపెట్టించండి. బళ్ళు, అంగన్‌వాడీలు, ఆసుపత్రి, కార్యాలయాల మేడల మీది లైన్లను మార్చి నెలాఖరులోగా ఒకసారి చూపించి, మెలికలు, తెల్లరంగు, జారే క్లాంపులు పెట్టించండి. సర్కారు మేడ మీద కనబడితే పక్కింటివాళ్ళు అడిగి మరీ వేయించుకుంటారు.

2. ఇంటి ప్లాను మంజూరు కాగితంతో పాటు ఒక అర పేజీ తెలుగులో ఇవ్వండి. పైన రాసిన ఏడెనిమిది వాక్యాలు, ఒక బొమ్మ చాలు. ఇల్లు కట్టుకునేవాళ్ళు చదివి ప్లంబరును అడగగలగాలి.

3. ప్రభుత్వ పనుల టెండర్లలో బయట వేసే పైపులకు సాగే ఏర్పాటును విడిగా ఒక ఐటెంగా రాయించండి. కాగితం మీద లేని పనికి కాంట్రాక్టరు సొంత డబ్బు పెట్టడు, అందులో అతని తప్పు కూడా లేదు.

4. ఊళ్ళో పనిచేసే ప్లంబర్లందరికీ చలికాలంలో ఒకరోజు శిక్షణ పెట్టించండి. వారిలో చాలామంది చేతిపని చూసి నేర్చినవారే, చెబితే ఒక్క పూటలో పట్టుకుంటారు. ఆ రోజు కూలీ ఇప్పించాలి, పని మానుకుని రమ్మంటే రారు. నా సంచిలోని విరిగిన ముక్కలన్నీ ఆ బల్ల మీద పోస్తాను. ఏది ఎందుకు విరిగిందో పుస్తకం కన్నా అవే బాగా చెబుతాయి.

5. నీళ్ళ ఫిర్యాదులు రాసుకునే పుస్తకంలో మూడు గళ్ళు కొత్తగా గీయించండి: కారడం ఏ వేళ కనబడింది, ఆ చోట పైపు ఎండలో ఉందా నీడలో ఉందా, విరిగినది పైపా జాయింటా. ఖర్చు ఒక స్కేలు, ఒక పెన్ను. రెండు వేసవులు గడిచేసరికి కనకాలపేట నుంచి దరియాలతిప్ప దాకా ఎక్కడ ఏ కారణంతో పోతోందో మీ దగ్గరే రాతపూర్వకంగా ఉంటుంది. అప్పుడు ఈ కొట్టువాడి మాట నమ్మనక్కర్లేదు, మీ పుస్తకాన్నే నమ్మవచ్చు. నేను చెప్పింది తప్పని అందులో తేలితే, మిగతా నాలుగు విన్నపాలనూ పక్కన పెట్టేయండి.

అందుకే ఈ అయిదో విన్నపం ముందు చేయమని కోరుతున్నాను. దానికి మంజూరు అక్కర్లేదు, పుదుచ్చేరి నుంచి ఉత్తర్వు రానక్కర్లేదు. రోహిణి కార్తె ఏటా మే 25 ప్రాంతంలో వస్తుంది. ఆలోపు ఆ గళ్ళు గీయిస్తే ఈ వేసవి లెక్క ఈ వేసవికే చేతికొస్తుంది.

ఇట్లు,
భవదీయుడు,
యానాంలో పైపుల కొట్టు నడిపే ఒక పౌరుడు